నూటికెంత వడ్డీ?

తెలుగు నేల మీద అప్పు మాట వచ్చినప్పుడు ఎవరూ శాతాల్లో మాట్లాడరు. నూటికి నెలకు రూపాయా, రూపాయిన్నరా, రెండు రూపాయలా అనే అడుగుతారు. బడి ముఖం చూడని రైతుకు సైతం, రెండు రూపాయల వడ్డీ అనగానే లక్షకు నెలకు రెండు వేలని, ఏడాది తిరిగేసరికి ఇరవై నాలుగు వేలని తెలిసిపోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో డ్వాక్రా సంఘాల రాయితీ రుణాలకు ప్రభుత్వం ‘పావలా వడ్డీ’ అని పేరు పెట్టడానికీ ఇదే కారణం. ఏడాదికి 3 శాతం అంటే చెవికెక్కనిది, పావలా అనగానే ఊరూరా పాకింది. అంత చక్కని లెక్క చేతిలో ఉన్నవారమే, ఫైనాన్స్ కంపెనీ ఉద్యోగి ఎదుటో బీమా ఏజెంటు ఎదుటో కూర్చోగానే దాన్ని మరిచి, ‘నెలకు ఎంత కట్టాలండీ’ అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటున్నాం. మధ్యతరగతి కుటుంబాలు డబ్బు విషయంలో చేస్తున్న పొరపాట్లలో అధిక భాగం ఈ ప్రశ్న దగ్గరే మొదలవుతున్నాయన్నది మా అభిప్రాయం.

క్రెడిట్ కార్డు సంగతే చూడండి. చాలా కార్డుల మీద బకాయికి నెలకు 3.5 శాతం దాకా వడ్డీ పడుతుంది. అంటే మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో షావుకారు ఆ రేటు చెబితే గుమ్మం దిగి వచ్చేసే ఉద్యోగి, అదే రేటుకు కార్డు బకాయిని నెలల తరబడి మోస్తుంటాడు. బిల్లు మీద అచ్చేసే ‘కనీస చెల్లింపు’ అతణ్ని నిశ్చింతగా ఉంచుతుంది. 50 వేల రూపాయల బకాయికి 5 శాతం చొప్పున 2,500 కట్టారనుకుందాం. అందులో 1,750 ఆ నెల వడ్డీకి, దాని మీద 18 శాతం జీఎస్టీ కింద మరో 315 పోతాయి. అసలులో తగ్గేది 435 రూపాయలు మాత్రమే. పైగా పాత బకాయి మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కొన్న వస్తువులకు వడ్డీ లేని గడువు కూడా వర్తించదు. ఇంట్లో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంచుకుని కార్డు బకాయి మోసేవారు కూడా తక్కువేమీ కాదు. అర్ధ రూపాయికి కాస్త అటూ ఇటూగా వచ్చే రాబడిని కదపడానికి మనసొప్పక మూడున్నర రూపాయల వడ్డీ కట్టడం పొదుపు అనిపించుకోదు.

‘ఫ్లాట్ రేటు’ మాయ ఇంతకన్నా నాజూకైనది. లక్ష రూపాయల అప్పు, రెండేళ్ల గడువు, ఏడాదికి 12 శాతం ఫ్లాట్ అంటే వినడానికి రూపాయి వడ్డీయే. మొత్తం 24 వేల వడ్డీని అసలుకు కలిపి, 24 నెలలకు పంచి, నెలకు సుమారు 5,167 రూపాయల కిస్తీగా చెబుతారు. అయితే మొదటి కిస్తీ నుంచే అసలు తరుగుతూ వస్తున్నా వడ్డీ మాత్రం చివరి నెల దాకా పూర్తి లక్ష మీదనే లెక్కగట్టి ఉంటుంది. తరిగే అసలు మీద చూస్తే అది ఏడాదికి దాదాపు 21.6 శాతం, అంటే రూపాయి ఎనభై పైసల వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు ముందే పట్టుకుని మిగిలింది చేతికిస్తే ఇంకా పెరుగుతుంది.

ఇచ్చే వడ్డీకి వర్తించే కొలతే వచ్చే రాబడికీ వర్తించాలి. బీమానూ పొదుపునూ కలిపి అమ్మే సంప్రదాయ ఎండోమెంట్ పాలసీల్లో చాలావాటి రాబడి ఏడాదికి 5, 6 శాతం దగ్గరే ఆగుతుంది. నూటికి అర్ధ రూపాయికి మించదు. ఆ ప్రీమియం గడువు దాటిపోతుందని రూపాయి వడ్డీకి నగలు తాకట్టు పెట్టి కట్టే కుటుంబాలున్నాయి. పోనీ ఇంటి పెద్దకు ఏమైనా అయితే ఆ పాలసీ ఆదుకుంటుందా అంటే, ఏటా పాతిక వేలు కట్టినా చేతికొచ్చే బీమా మొత్తం రెండేళ్ల ఇంటి ఖర్చుకు చాలని సందర్భాలే ఎక్కువ. మార్చి నెలలో పన్ను మినహాయింపు పేరుతో పాలసీ అంటగట్టడం ఇంకా సాగుతూనే ఉంది. కొత్త పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికి ఆ మినహాయింపే లేదన్న సంగతి అమ్మేవారు చెప్పరు, కొనేవారు అడగరు. నచ్చని పాలసీని అందిన 30 రోజుల్లోగా వెనక్కి ఇచ్చే హక్కు ఉందన్నది మరీ తక్కువ మందికి తెలుసు.

రాబడి మరీ ఎక్కువగా వినిపించినప్పుడు కూడా ఇదే లెక్క కాపాడుతుంది. నూటికి రెండు, మూడు రూపాయలు ఇస్తామన్నవాడు ఆ సొమ్మును ఏ వ్యాపారంలో పెట్టి అంతకు మించి సంపాదిస్తాడని ఎవరూ అడగకపోవడమే మోసపు స్కీములకు పెట్టుబడి. అగ్రిగోల్డ్ వ్యవహారంలో సుమారు 32 లక్షల మంది డిపాజిటర్లు చిక్కుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో పది వేల లోపు, 2021లో ఇరవై వేల లోపు కట్టినవారికి ఖజానా నుంచి చెల్లించాల్సి వచ్చింది. ‘తెలిసినావిడే కదా’ అని కట్టే ఇంటి చీటీలదీ అదే దారి. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం ప్రకారం చీటీని రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేసి, చీటీ మొత్తానికి సరిపడా హామీ ముందే చూపాలి. ఆ కాగితం అడిగితే చుట్టరికం చెడుతుందేమోనన్న మొహమాటం కాలనీలకు కాలనీలను ముంచింది. షేర్ మార్కెట్‌లో, ధరలు ఎటు కదులుతాయన్న అంచనా మీద సాగే ఫ్యూచర్స్, ఆప్షన్ల వైపు దూకిన యువతరం లెక్కను మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే తేల్చింది. 2021-22 నుంచి మూడేళ్లలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోగా, ఆ నష్టం తలకు సగటున రెండు లక్షల రూపాయలు.

అప్పు తీసుకునేవారి అజ్ఞానాన్నే తప్పుపట్టి ఊరుకోవడం మాకు సమ్మతం కాదు. ఫీజులన్నీ కలుపుకొని అసలు వార్షిక రేటెంతో చూపే కీలక వివరాల పత్రాన్ని నిర్ణీత గడువుతో వ్యక్తులకిచ్చే ప్రతి రిటైల్ రుణానికీ ఇవ్వాలని, అది రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలని, వారం రోజులకు తగ్గని గడువున్న అప్పులకు ఆ షరతులు కనీసం మూడు పనిదినాలు చెల్లాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. 2024 అక్టోబరు నుంచి ఇది అమల్లో ఉండాలి. కానీ కౌంటర్ దగ్గర జరిగేది ముప్పై పేజీల ఇంగ్లిష్ కట్టను తిరగేస్తూ టిక్కులు పెట్టిన చోటల్లా సంతకం తీసుకోవడమే. రెండు తెలుగు రాష్ట్రాల్లోని బ్యాంకు శాఖలన్నీ ఆ కీలక వివరాల పత్రాన్ని తెలుగులో ఇస్తున్నాయో లేదో రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమితులు ప్రతి త్రైమాసిక సమావేశంలో నివేదిక తెప్పించుకోవాలి. అప్పు కోసం వెళ్లినవారు కూడా ఆ పత్రం చేతికందాక అక్కడికక్కడే సంతకం చేయనవసరం లేదు. ఇంటికి తెచ్చుకుని, అందులోని వార్షిక రేటును పన్నెండుతో భాగించి, నూటికి ఎన్ని రూపాయల వడ్డీ పడుతోందో చూసుకోవడానికి ఆ మూడు రోజులు వారివే.