ఓల్డేజ్ హోంలో ఉన్న మీ పెద్దవాళ్ల బరువెంతో మీకు తెలుసా?

అడిగి చూడండి, పదిమందిలో తొమ్మిదిమంది చెప్పలేరు. బీపీ ఎంతో చెబుతారు, షుగర్ చెబుతారు, హోంకి నెలకి ఎంత కడుతున్నారో రూపాయి తేడా లేకుండా చెబుతారు. బరువెంత అంటే మాత్రం "బాగానే ఉన్నారండీ, ఆదివారమే వీడియో కాల్‌లో చూశాం" అంటారు. వీడియో కాల్‌లో కనిపించేది ముఖం. ఒళ్లు కరిగేది తొడల్లో, పిక్కల్లో, భుజాల్లో. చీర మీద శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చున్న మనిషిలో అవేవీ కనిపించవు.

మా మేనత్త హైదరాబాద్ శివార్లలో ఒక ఓల్డేజ్ హోంలో ఉంటుంది. పేరు చెప్పను, చెప్పినా ఉపయోగం లేదు, ఎందుకంటే పక్కవీధిలో ఉన్న హోం కూడా ఇలాగే ఉంటుంది. చోటు శుభ్రంగా ఉంటుంది, ఆయాలు మంచివాళ్లే, సంక్రాంతి ముగ్గుల ఫొటోలు, ఉగాది పచ్చడి ఫొటోలు ఠంచనుగా ఫ్యామిలీ గ్రూపులో పడతాయి. అత్త అక్కడ చేరినరోజు ఫైల్లో రాసుకున్న బరువు 52 కిలోలు. ఆరు నెలలు తిరక్కుండానే కంటి ఆపరేషన్‌కి ముందు పరీక్షలకని ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడి మెషీన్ 46 చూపించింది. మధ్యలో ఒక్కసారి కూడా ఎవరూ తూచలేదు. ఇదేంటండీ అని అడిగితే మేనేజర్ గారు చాలా శాంతంగా, "ఎనభై దాటాయి కదమ్మా, వయసు" అన్నారు.

వయసు వల్ల ఆకలి కొంత తగ్గుతుంది, ఎవరు కాదన్నారు? కానీ ఆరు కిలోలు వయసు పట్టుకుపోదు. నెలలో 5 శాతం గానీ, ఆరు నెలల్లో 10 శాతం గానీ ఒంట్లో బరువు తగ్గితే, కావాలని తగ్గకపోతే, దాన్ని జబ్బు లక్షణంగానే చూడాలి, కారణం వెతకాలి. అమెరికాలో నర్సింగ్ హోములు (మన దగ్గరలా ఆసుపత్రులు కాదు, పెద్దవాళ్లు ఉండి సేవ చేయించుకునే చోట్లు) సరిగ్గా ఈ రెండు లెక్కలూ చూసి రికార్డుల్లో నింపాలి. అంతేకాదు, అక్కడ రాత్రి భోజనానికీ పొద్దుటి టిఫిన్‌కీ మధ్య 14 గంటలకి మించి ఎడం ఉండకూడదు, పడుకునేముందు కాస్త బలమైనది ఏదైనా పెడితే 16 గంటల దాకా ఒప్పుకుంటారు. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటూ ఇక్కడ అమ్మానాన్నలని హోంలో పెట్టిన వాళ్లు కనీసం ఈ ప్రశ్నయినా అడగొచ్చు. మా అత్త హోంలో రాత్రి భోజనం ఆరున్నరకి, పొద్దున టిఫిన్ తొమ్మిదికి. ఎందుకంటే వంటవాళ్లు చీకటి పడకముందే బయల్దేరాలి. ఆ పద్నాలుగున్నర గంటలూ షుగర్ ఉన్న ముసలి మనిషి కడుపు ఖాళీ.

సరే, కారణం వెతకడం మొదలుపెట్టాం. ఒకటి కాదు, నాలుగైదు తేలాయి, దేనికదే చిన్నది.

మొదటిది పళ్లు. కింది కట్టుడు పళ్లు వదులైపోయాయి. చిగుళ్ల కింది ఎముక అరిగేకొద్దీ సెట్టు లూజవుతుంది, నమిలినప్పుడల్లా కదిలి పుండు పడుతుంది. ఆవిడ ఎవరికీ చెప్పలేదు, కూరముక్కలు పక్కనపెట్టి చారన్నం, మజ్జిగన్నం తిని లేచిపోయేది. రిజిస్టర్లో "భోజనం చేశారు" అని టిక్కు. ఏం తిన్నారు, ఎంత వదిలేశారు అన్నదానికి గడి లేదు ఆ రిజిస్టర్లో. డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్తే సెట్టుని సరిచేసి ఇచ్చాడు, కొత్తది కూడా అక్కర్లేదన్నాడు.

రెండోది మందులు. షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ కొందరిలో ఆకలి చంపుతుంది, నోటి రుచి పాడుచేస్తుంది. మతిమరుపుకి ఇచ్చే డొనెపెజిల్, గుండెకి ఇచ్చే డిగాక్సిన్ కూడా అంతే. మలబద్ధకం ఉంటే అసలు అన్నం వైపే చూడబుద్ధి కాదు. థైరాయిడ్, దిగులు, లోపల ఇంకేదైనా జబ్బు... ఇవన్నీ డాక్టర్ చూడాల్సినవి, నేను చెప్పేవి కావు. కానీ డాక్టర్‌కి "బరువు తగ్గింది, ఇన్ని నెలల్లో ఇంత" అని అంకె చెబితేనే ఆయన ఆ దారిలో ఆలోచిస్తాడు. "సరిగ్గా తినట్లేదండీ" అంటే ఒక బలం సిరప్ రాసి పంపిస్తాడు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. తిండి తగ్గింది, బరువు తగ్గింది, షుగర్ మాత్ర మాత్రం పాత డోసే. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రగానీ ఇన్సులిన్‌గానీ వాడుతుంటే అర్ధరాత్రి షుగర్ పడిపోతుంది, బాత్రూంకని లేచి కళ్లు తిరిగి పడతారు, తుంటి విరుగుతుంది. అప్పుడు అందరూ "జారి పడ్డారు" అంటారు. అత్త డాక్టర్ కొత్త బరువు చూసి ముందు చేసిన పని ఆ మాత్ర డోసు తగ్గించడం.

అసలు మన ఇళ్లలో, మన హోముల్లో "షుగర్ భోజనం" అని ఒకటి పెడతారు చూడండి, దాని మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. యాభై ఏళ్ల మనిషికి పెట్టిన ఆంక్షలన్నీ ఎనభై ఐదేళ్ల మనిషికి అలాగే పెడతారు. అన్నం ఒక గరిటె, నెయ్యి వద్దు, దుంపకూర వద్దు, అరటిపండు వద్దు, బెల్లం పేరెత్తొద్దు. దానికి తోడు బీపీ అని ఉప్పు లేదు, "పెద్దవాళ్లకి పడదు" అని కారం లేదు, గ్యాస్ అని పప్పు నీళ్లలా. ఇక మిగిలిందేంటి? అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2016లోనే ఇలాంటి హోముల్లో ఉండే పెద్దవాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పింది, కఠినమైన పథ్యాలు వద్దు, వాటివల్ల తిండి తగ్గి చిక్కిపోతారు అని. ఈ వయసులో షుగర్ కాస్త ఎక్కువున్నా పెద్దగా మునిగేదేం లేదు, మరీ తక్కువైతేనే మునుగుతాం. ఎంతవరకు పర్వాలేదో మీ డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాయించుకుని హోంలో ఇవ్వండి. నోటిమాటగా చెబితే వంటగది దాకా వెళ్లదు.

రుచి సంగతి కూడా. వయసుతో నాలుకకీ ముక్కుకీ పదును తగ్గుతుంది, అంటే వాళ్లకి పోపు, ఇంగువ, కరివేపాకు, నిమ్మకాయ, అల్లం మామూలుకన్నా ఎక్కువ కావాలి. మనం సరిగ్గా ఎదురు చేస్తాం. ఉప్పు తగ్గించాలంటే తగ్గించండి, ఇంగువ ఎందుకు తగ్గించారు?

ఇప్పుడు లెక్క. పెద్దవాళ్లకి రోజుకి కిలో బరువుకి కనీసం 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు, కిడ్నీ జబ్బు ఉంటే లెక్క వేరు, అది డాక్టర్‌నే అడగాలి. అంటే 50 కిలోల మనిషికి 50 నుంచి 60 గ్రాములు. హోంలో అత్త తినేది రెండు ఇడ్లీలు, ఒక కప్పు అన్నం, పల్చటి పప్పు, నీళ్ల మజ్జిగ, సాయంత్రం టీతో రెండు బిస్కెట్లు, రాత్రి కాస్త ఉప్మా. ఎంత ఉదారంగా కూడినా పాతిక గ్రాములు దాటదు. అత్త గుడ్డు ముట్టదు. ముట్టేవాళ్లకి పని సులువు, ఒక్కో గుడ్డులో ఆరు గ్రాములు ఉంటుంది.

చాలామంది చేసేదేంటంటే వెంటనే ఒక పెద్ద ప్రొటీన్ పౌడర్ డబ్బా కొని హోంలో ఇచ్చి వస్తారు, ఒక బాధ్యత తీరిపోయినట్టు. డబ్బా అలమరాలో ఉంటుంది. ఎప్పుడైనా గుర్తొస్తే ఆయా గ్లాసు నీళ్లలో కలిపి భోజనానికి పావుగంట ముందు ఇస్తుంది, దాంతో కడుపు నిండిపోయి అన్నం వదిలేస్తారు. పౌడర్ తప్పని కాదు, డాక్టర్ చెబితే వాడాల్సిందే, కానీ ఇవ్వాల్సింది భోజనానికీ భోజనానికీ మధ్య, వీలైతే పాలల్లో.

మేం అడిగింది వంటగదిలో ఉన్నవే. ఎక్కువ తినమని ఎవరూ అనలేదు, ఎందుకంటే తినలేదు ఆవిడ. తినే ఆ గుప్పెడులోనే బలం పెరగాలి. మజ్జిగ బదులు గడ్డపెరుగు. రాగిజావ నీళ్లతో కాకుండా పాలతో. మొదటి ముద్దలో చిన్న చెంచా నెయ్యి, అది 45 కేలరీలు. కందిపొడి, పల్లీపొడి డబ్బాలు మేమే చేయించి ఇచ్చాం, వాటిమీద ఆవిడ పేరు రాసి. పప్పు ముద్దగా ఉండాలి, తేటగా కాదు. రాత్రి ఎనిమిదిన్నరకి గ్లాసు చిక్కటి పాలు, నైట్ డ్యూటీ ఆయా ఇవ్వాలి. దీనికోసం మేనేజర్‌తో చాలాసేపు వాదించాల్సి వచ్చింది, పాలు ఎవరు కాచాలి, ఫ్రిజ్ తాళం ఎవరి దగ్గర ఉండాలి అని. చివరికి ఫ్లాస్కుతో తేలింది.

అత్త శనివారం ఒంటిపూట ఉంటుంది. హోం వాళ్లకి అది సంతోషమే, ఒక పూట వంట తగ్గింది కదా, రాత్రికి ఒక అరటిపండు చేతిలో పెట్టేవాళ్లు. మానేయమంటే ఆవిడ వినదు, వినాల్సిన అవసరమూ లేదు. "అత్తా, అన్నం వద్దన్నారు గానీ పెసరట్టు వద్దని ఎవరన్నారు" అంటే, "ఫలహారానికి దోషమేముందే, పెట్టేవాళ్లు ఉండాలి గానీ" అంది. ఆవిడ ఎప్పుడూ ఉపవాసం చేయాలనుకోలేదు, పెట్టింది తింది. ఇప్పుడు శనివారం రాత్రి మెత్తటి పెసరట్టు, పాలు. మామూలు రోజులకన్నా ఆ రోజే ఎక్కువ తింటోంది.

ఇంకొకటి చెప్పాలి, ఇది నాకు బాగా మింగుడుపడని విషయం. మోకాళ్ల నొప్పులని అత్తకి భోజనం తన గదికే తెచ్చిస్తున్నారు, దానికి నెలకి వేరే డబ్బు కూడా తీసుకుంటున్నారు, మనవాళ్లు సౌకర్యం అనుకుని సంతోషంగా కడుతున్నారు. భోజనాల హాల్లో అయితే పక్కన తెనాలి ఆవిడ ఒకరు కూర్చునేవారు, ఇద్దరూ కలిసి వంటని తిట్టుకుంటూ తినేవాళ్లు. గదిలో గోడని చూస్తూ ఎవరు తింటారు? నాలుగు ముద్దలయ్యాక కంచం జరిపేస్తారు. ఆ సర్వీసు మాన్పించి, మధ్యాహ్నం వీల్‌చెయిర్‌లో హాలుకి తీసుకెళ్లమన్నాం. పౌడర్ డబ్బా చేయలేని పని తెనాలి ఆవిడ చేసింది.

మతిమరుపు ముదిరినవాళ్లతో కష్టం వేరే. వాళ్లకి కంచంలో తెల్లటి అన్నం, తెల్లటి పెరుగు, స్టీలు మెరుపు, ఏది ఏదో తెలియదు. 2004లో బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు అల్జీమర్స్ ఉన్న కొద్దిమందితో చేసిన ఒక అధ్యయనంలో ముదురు ఎరుపు రంగు ప్లేట్లు వాడితే పాతిక శాతం ఎక్కువ తిన్నారని తేలింది. చిన్న అధ్యయనమే, కానీ రంగు ప్లేటుకి ఖర్చెంత? చెంచా పట్టలేనివాళ్లకి ఇడ్లీ ముక్కలు, చిన్న సున్నుండలు చేతికి ఇస్తే వాళ్లే తింటారు. తినిపించాల్సి వస్తే నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక అరగంటైనా పడుకోబెట్టకూడదు, తింటూ దగ్గుతుంటే, పొలమారుతుంటే మింగడంలో సమస్య ఉందేమో చూపించాలి. ఒక ఆయా నలుగురికి తినిపిస్తుంటే ఇవేవీ జరగవు, ఒకరికి అయిదు నిమిషాల్లో కుక్కేసి "తినను అంటున్నారు" అని రాస్తారు. ఆయాని తిట్టి లాభం లేదు, మనుషుల్ని పెట్టాల్సింది యాజమాన్యం.

బాగా చివరి దశలో ఉన్నవాళ్ల సంగతి మాత్రం వేరు. అక్కడ బరువు లెక్కలు పట్టుకుని బలవంతంగా పెట్టకూడదు. మతిమరుపు బాగా ముదిరిన స్థితిలో ముక్కులోంచి ట్యూబు వేసినా ఆయుష్షు పెరగదని, చేత్తో ఓపిగ్గా ఇష్టమైనంత తినిపించడమే మేలని ముసలివాళ్ల వైద్యం చూసే డాక్టర్ల సంఘం అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ కూడా చెబుతుంది. మా అత్త ఆ దశలో లేదు. ఆ దశలో లేనివాళ్లకి కూడా "ఇంకెంత కాలంలే" అనే లెక్క వేయడమే నా గొడవంతా.

బరువు ఎక్కువున్నవాళ్లు ఉంటారు, మా వాళ్లకి తగ్గితేనే మంచిది కదా అంటారు. ఈ వయసులో తిండి మాన్పించి తగ్గిస్తే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, అది మళ్లీ రావడం చాలా కష్టం. డాక్టర్ చెప్పకుండా ఆ ప్రయోగం చేయొద్దు. కాళ్ల వాపు ఉన్నవాళ్లలో ఇంకో మోసం, ఒంట్లో నీరు చేరి మెషీన్ మీద అంకె బాగానే ఉంటుంది, లోపల కండ కరిగిపోతూనే ఉంటుంది. టేపు తీసుకుని పిక్క చుట్టుకొలత చూడండి, 31 సెంటీమీటర్లలోపు ఉంటే గట్టిగా అడగాల్సిందే. వాపున్న కాలికి ఈ కొలత కూడా పనికిరాదు, అప్పుడు దండచేయి కొలవాలి.

హోం వాళ్లు చెప్పే సాకు "నిలబడలేరండీ, ఎలా తూస్తాం" అని. గోదాముల్లో బస్తాలు తూచే ప్లాట్‌ఫాం కాటా మీదకి వీల్‌చెయిర్‌తో ఎక్కించి, తర్వాత ఖాళీ వీల్‌చెయిర్ తూచి తీసేయండి. నిలబడగలిగినవాళ్లకి ఇళ్లలో వాడే మామూలు డిజిటల్ మెషీన్ చాలు. ఒకే మెషీన్ మీద, నెలకోసారి, టిఫిన్‌కి ముందు, ఒకే రకం బట్టల్లో. ఆ అంకె ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి, ముగ్గు ఫొటో కింద పెట్టినా సరే. పండక్కి అరిటాకు భోజనం అలంకరించి ఫొటో తీసే తీరిక ఉన్నప్పుడు దీనికీ ఉంటుంది.

"అంత బాధ ఉంటే ఇంట్లో పెట్టుకోవచ్చుగా" అనేవాళ్లు ఎలాగూ వస్తారు కాబట్టి ముందే చెబుతున్నా. హోంలో ఉంటానన్నది ఆవిడే. ఇంట్లో పగలంతా ఒక్కదాన్నీ టీవీ చూస్తూ కూర్చోలేనంది. ఇంట్లో ఉన్న ముసలివాళ్లందరినీ నెలకోసారి తూస్తున్నారా మీరు? మీ అమ్మగారి బరువెంత?

అత్త పోయిన నెల 47.5 ఉంది.