పొదుపు పాఠం బాగుంది, మరి కాంట్రాక్టు సంగతో?

బ్రాండన్ కోప్‌లాండ్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ చూసేవాళ్ళలోనే చాలామందికి తెలియదు. తెలిసిన కొద్దిమందికీ ఆటకన్నా పొదుపు వల్లే ఎక్కువ తెలుసు. జీతంలో చాలాభాగం ఖర్చు పెట్టకుండా దాచుకున్న లైన్‌బ్యాకర్, అంటే డిఫెన్స్ ఆటగాడు. ఒకవైపు ఆడుతూనే 2019లో తను చదువుకున్న యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియాకి వెళ్ళి విద్యార్థులకు డబ్బు వ్యవహారాల కోర్సు చెప్పినవాడు. ఇలాంటి కథ దొరికితే మనవాళ్ళు ఊరుకుంటారా? "చూసి నేర్చుకోండి" అని ఫార్వర్డ్ కొట్టేస్తారు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. కోప్‌లాండ్ మీద కాదు, ఆ కథని అక్కడితో ఆపేసేవాళ్ళ మీద.

అసలు అంత జాగ్రత్త ఎందుకు పడ్డాడో చూడండి. కాలేజీ ఆటగాళ్ళను టీమ్‌లు ఎంచుకునే 2013 డ్రాఫ్ట్‌లో ఏ టీమూ అతన్ని తీసుకోలేదు. సొంత ఊరి టీమ్ బాల్టిమోర్ రేవెన్స్ పిలిచింది కానీ అసలు జట్టులో చోటు ఇవ్వలేదు, సాధనకి మాత్రమే ఉంచుకునే ప్రాక్టీస్ స్క్వాడ్‌లో పెట్టుకుంది. తర్వాత టెనెసీ టైటన్స్‌లోనూ అదే బతుకు. 2014 సీజన్‌కి అదీ లేదు. 2015 మార్చిలో ఆరిజోనాలో, టీమ్ లేని పాత ఆటగాళ్ళను వందమందికి పైగా పిలిచి లీగ్ సెలెక్షన్ పెట్టింది. అక్కడ పరిగెత్తి, దూకి, డెట్రాయిట్ లయన్స్ కంట్లో పడ్డాడు. కాలేజీ అయిన రెండేళ్ళకి అసలు మ్యాచ్ ఆడాడు. 2017లో ఛాతీ కండరం తెగి సీజన్ అంతా పోయింది. 2018లో న్యూయార్క్ జెట్స్‌కి వెళ్ళి 5 శాక్‌లు (బంతి విసిరేవాణ్ణి విసరకముందే పడగొట్టడం) కొట్టాడు, అతని కెరీర్‌లో అదే బెస్ట్. మరుసటి ఏడాది నిషేధిత పదార్థం కేసులో 4 మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది, ఫార్వర్డ్ కథల్లో ఈ ముక్క ఉండదు. తర్వాత పేట్రియట్స్, ఫాల్కన్స్, మళ్ళీ రేవెన్స్.

ఆగస్టు నెలాఖరు వస్తే ప్రతి టీమ్ శిక్షణ క్యాంపులోనూ 90 మంది ఆటగాళ్ళు 53కి దిగాలి. స్టార్‌లకు టెన్షన్ ఏమీ ఉండదు. జాబితాలో 45 నుంచి 53వ స్థానం దాకా ఉన్నవాళ్ళకే నిద్ర పట్టదు. పొద్దున్నే టీమ్ మనిషి ఒకడు వచ్చి "కోచ్ రమ్మంటున్నాడు, ప్లేబుక్ తీసుకురా" అంటాడు. అతనికి ఆటగాళ్ళు పెట్టుకున్న పేరు టర్క్. టీమ్ ఎత్తుగడలుండే ఆ ప్లేబుక్ తెమ్మన్నారంటే ఉద్యోగం అయిపోయినట్టే. అది దాటినా నమ్మకం లేదు. మొదటి నాలుగేళ్ళ సర్వీసు నిండనివాణ్ణి సీజన్ మధ్యలో తీసేస్తే, గ్యారంటీ రాయించుకోనంతవరకు మిగతా వారాల జీతం పోయినట్టే. ఏ వారానికి ఆ వారం కూలి అన్నట్టుంటుంది. అమెరికాలో క్లయింట్ ప్రాజెక్టు ఆపేస్తే బెంచ్ మీద కూర్చున్న మన కన్సల్టెంట్లకి ఈ భయం విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంకో చిక్కుంది. అనుభవం పెరిగేకొద్దీ కనీస జీతం పెరగాలని లీగ్‌కీ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య ఒప్పందం. 2018లో కొత్త కుర్రాడికి 4,80,000 డాలర్లు, నాలుగేళ్ళు ఆడినవాడికి 7,90,000. న్యాయంగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ కిక్‌ఆఫ్ అయినప్పుడు పరిగెత్తి బంతి పట్టినవాణ్ణి పడగొట్టే పనికి ఇద్దరూ సరిపోతే మేనేజర్ ఎవరిని ఉంచుకుంటాడు? అందుకే సీనియర్ ఆటగాడి జీతంలో కొంత సాలరీ క్యాప్ (టీమ్ మొత్తం జీతాల మీద ఉండే పరిమితి) లెక్కలోకి రాకుండా లీగ్ ఒక వెసులుబాటు పెట్టింది. ఆ రూలు అవసరమైందంటేనే అనుభవం ఎంత భారమో అర్థం చేసుకోవచ్చు.

ఇప్పుడు చెప్పండి, కోప్‌లాండ్ పొదుపు గుణమా, గత్యంతరం లేకనా? పైగా అతను పెన్సిల్వేనియా యూనివర్సిటీ బిజినెస్ స్కూల్ వార్టన్‌లో చదివాడు. టీమ్‌లు వద్దన్నా బతకగలిగే చదువు అది. తాత రాయ్ హిల్టన్ కోల్ట్స్ టీమ్ తరఫున లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచిన డిఫెన్స్ ఆటగాడు, అంటే ఆట తర్వాతి జీవితం ఎలా ఉంటుందో ఇంట్లోనే తెలుసు. ఇవేవీ లేని కుర్రాడు 21 ఏళ్ళకి వచ్చి, ప్రాక్టీస్ స్క్వాడ్‌లో రెండు సీజన్లు నలిగి, మోకాలు పోగొట్టుకుని వెళ్ళిపోతే అతని గురించి ఎవరూ పోస్టు పెట్టరు. పెట్టినా "డబ్బు విలువ తెలియక పాడుచేసుకున్నాడు" అనే పెడతారు.

"వాళ్ళవి కోట్ల జీతాలు, మనకెందుకు జాలి?" అంటారు. 2013లో ప్రాక్టీస్ స్క్వాడ్ కనీస జీతం వారానికి 6,000 డాలర్లు, అదీ ఉంచుకున్న వారాలకే. ఒళ్ళు గుల్ల చేసుకునే పనికి అది పెద్ద సొమ్మేం కాదు. అటు పక్క లీగ్ ఆదాయం ఏటా 20 బిలియన్ డాలర్లు దాటింది. 2022లో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్‌కి బ్రౌన్స్ టీమ్ 230 మిలియన్ డాలర్లూ పూర్తి గ్యారంటీతో ఇచ్చింది. ఇవ్వాలనుకుంటే ఇవ్వగలరు, అడగగల బలం ఎవరికుంది అన్నదే ప్రశ్న.

2020లో ఆ బలం పరీక్షకు వచ్చింది. కొత్త ఒప్పందం మీద ఆటగాళ్ళు ఓటు వేశారు. కనీస జీతాలు పెరుగుతాయి, బదులుగా యజమానులకు 17వ మ్యాచ్ దక్కుతుంది. ఆరన్ రాడ్జర్స్ లాంటి స్టార్‌లు వద్దన్నారు. అయినా అనుకూలంగా 1,019, వ్యతిరేకంగా 959 ఓట్లతో పాసైంది. కింది వరస ఆటగాళ్ళు తొందరపడి తక్కువకి అమ్ముడుపోయారని అప్పట్లో చాలామంది తిట్టారు. నేను మాత్రం తిట్టలేను. వచ్చే ఏడాది టీమ్‌లో ఉంటాడో లేదో తెలియనివాడు ఈ ఏడాది జీతం పెంచమని ఓటు వేయక ఇంకేం చేస్తాడు? ఆ ఒప్పందం 2030 సీజన్ దాకా ఉంటుంది. ఈసారి యజమానులు 18వ మ్యాచ్ అడుగుతారు. ఇస్తే ఇవ్వండి కానీ, సీజన్ మొదటి వారంలో 53లో ఉన్న ప్రతివాడికీ ఆ ఏడాది జీతం మొత్తం గ్యారంటీ చేయమని ఆటగాళ్ళ సంఘం పట్టుబట్టాలి. అదొక్కటీ ఒప్పందంలో రాయించగలిగితే పొదుపు పోస్టులు ఎన్నైనా ఫార్వర్డ్ చేసుకోండి, నేనూ లైక్ కొడతాను.