కొనబుద్ధి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కొనబుద్ధి గారి సముఖమునకు,

నమస్కారాలతో రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, మా బ్యాంకు ఖాతా తప్ప. తమరి క్షేమం అడగను. రాత్రి పదకొండింటికి ఫోన్ తెరవగానే ‘ఇది కొను’ అంటూ నిగనిగలాడుతూ ప్రత్యక్షమవుతున్నారు, చూస్తూనే ఉన్నాను.

నిన్న ఆదివారం కదా, భోంచేసి కాసేపు గిటార్ వాయించుకుందామని కూర్చున్నాను. ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) ఆన్ చేయగానే జుయ్యిమని రొద. కేబుల్ మార్చాను. కాలితో నొక్కి గిటార్ శబ్దాన్ని మార్చుకునే పెడల్స్ ఒక్కొక్కటే పీకి పక్కన పెట్టాను. ఎక్స్‌టెన్షన్ బాక్సును హాల్లోంచి వంటగదికి, వంటగదిలోంచి పడగ్గదికి ఊరేగించాను. ఆఖరికి టార్చి పట్టుకుని బల్ల కింద దూరాను. అప్పుడు మా అమ్మ గదిలోకి తొంగిచూసి, ఎవరూ లేరనుకుని, ‘మనిషి లేకపోయినా ఫ్యాన్ తిరగాల్సిందే ఈ ఇంట్లో’ అని గొణుక్కుంటూ స్విచ్ ఆపేసింది. రొద టక్కున ఆగిపోయింది.

దొంగ ఫ్యాన్ రెగ్యులేటరు. గుండ్రంగా తిప్పే ఆ ఎలక్ట్రానిక్ రకం కరెంటును ముక్కలు చేసి పంపుతుంది. ఆ చప్పుడును నా గిటార్‌లో తీగల కంపనాన్ని అందుకునే ఒంటి చుట్ట (సింగిల్ కాయిల్) పికప్పులు పట్టుకుని ఆంప్‌కి చేరవేస్తాయి. అంటే మే నెలలో నాకు ఫ్యాన్ కావాలో, టోన్ కావాలో తేల్చుకోవాలన్నమాట.

ఆ నిమిషంలో తమరు ఇచ్చిన సలహా ఏమిటి? రెగ్యులేటర్ మార్చమన్నారా? అబ్బే. రొదను అడ్డుకునే నాయిస్ గేట్ పెడల్ కొనమన్నారు. అది చాలకపోతే హంబకర్లు అనే జంట కాయిల్ పికప్పులున్న ఇంకో గిటార్ చూడమన్నారు. పైగా ఉపన్యాసం ఒకటి: 1955లో గిబ్సన్ గిటార్ల కంపెనీ ఇంజనీరు సేత్ లవర్ హంబకర్‌కు పేటెంటు దరఖాస్తు పెట్టాడు, రెండు కాయిల్స్‌ను ఎదురెదురుగా కలిపి రొదను రొదతోనే చంపాడు అని. అంతా నిజమే సార్. కానీ మెట్లు మెట్లుగా తిరిగే స్టెప్ రెగ్యులేటర్ బిగిస్తే నాలుగైదు వందల్లో పోయే రోగానికి నలభై వేల మందు రాయడం తమరికే చెల్లింది.

పోనీ, రొద సంగతి వదిలేస్తాను. వదల్లేనిది ఆంప్ సంగతి.

‘ఇదే ఆఖరిది’ అన్నారు. గుర్తుందా? ట్రాన్సిస్టర్ ఆంప్‌లో ప్రాణం లేదు, ట్యూబ్ (గాజు వాల్వు) ఆంప్ ఒక్కటి ఇంటికొస్తే ఇక జన్మలో ఏమీ అక్కర్లేదు అన్నారు. సరేనని న్యూజెర్సీ నుంచి వస్తున్న మా బావగారిని బతిమాలాను. తెప్పించింది రెండు ఈఎల్84 రకం ట్యూబులున్న పదిహేను వాట్ల ఆంప్. ఆయన పెట్టెలో దానికి చోటిచ్చి, అక్క పిల్లలకు కొన్న బట్టల మూటను చేతిసంచిలో కుక్కించాడు. అక్క ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు.

దింపాక తెలిసింది, అది అమెరికా ఆంప్, తాగేది 120 వోల్టులు. మన గోడలో ఉండేది 230. కాబట్టి ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనిపించారు. అదీ ఓ మూల కూర్చుని గుయ్యిమంటుంది. తర్వాత స్పీకర్ క్యాబినెట్. స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ ఆంప్ వాయిస్తే లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చట. ఈ ముక్క డబ్బు కట్టక ముందు చెప్పొచ్చు కదా?

ఇక అసలు మోసం. ట్యూబులు అలసిపోయేంత గట్టిగా వాయిస్తేనే మీరు ఊరించిన ఆ తియ్యటి గరగర వస్తుంది. మేముండేది మియాపూర్‌లో మూడో అంతస్తు. గిటార్ స్పీకరుకు ఒక్క వాట్ ఇస్తే చాలు, మీటరు దూరంలో దాదాపు వంద డెసిబెల్స్ మోగుతుంది. నివాస ప్రాంతాల్లో పగటిపూట 55 దాటకూడదని 2000 సంవత్సరం నుంచీ కేంద్రం రూల్సే ఉన్నాయి. వాల్యూమ్ ఒకటి మీద ఉంటే టోన్ లేదు. రెండుకు తిప్పితే వాచ్‌మన్ పైకొస్తాడు, అతని వెనకే అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ‘ప్రియమైన నివాసితులారా’ వస్తుంది. పోనీ చిన్న ఆంప్ తీసుకుందామా అంటే, వాట్లను పదో వంతుకు తగ్గించినా చెవికి సగం తగ్గినట్టే ఉంటుంది. సన్నగా పెట్టుకుందామా అంటే అప్పుడు చెవికి బేసూ సరిగ్గా అందదు, ట్రెబులూ అందదు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే ఇది కొలిచి చూపించారు. 1933! తొంభై ఏళ్లు దాటిన సంగతి నీకు తెలీదా? తెలుసు. తెలిసే చెప్పలేదు. ఆంప్ వచ్చాక తీరిగ్గా వచ్చి, శక్తిని వేడిగా మార్చి పారేసే అటెన్యుయేటర్ అనే డబ్బా ఒకటుంది, అది కొనుక్కో అన్నావు. అది కొన్నాక, ఆంప్ శబ్దాన్ని అనుకరించే, హెడ్‌ఫోన్స్ పెట్టుకునే మోడలర్ అయితే గొడవే ఉండదు అన్నావు. గొడవ పెట్టిందెవర్రా? సిగ్గుండాలి!

క్షమించాలి. మర్యాద తప్పాను.

మిగతావి పెద్దగా పట్టించుకోను. ఆ గరగర తెప్పించే పచ్చ రంగు ఓవర్‌డ్రైవ్ పెడల్స్ మూడు కొనిపించారు, మూడూ ఒకేలా మోగుతాయి. క్లోన్ సెంటార్ అనే అరుదైన పెడల్ కథ చెప్పి నిద్ర చెడగొట్టారు. దాన్ని తయారుచేసిన బిల్ ఫినెగన్ అందులోని సర్క్యూట్ ఎవరికీ కనబడకుండా ఎపాక్సీ జిగురు పోసేశాడని చెప్పి, అసలుది లక్షల్లో ఉందని నకలుతో సరిపెట్టించారు. ఇన్ని చేయించినవారు చూపుడువేలితో తీగలన్నీ ఒకేసారి అదిమి పట్టాల్సిన ఎఫ్ కార్డ్ (F chord) గురించి మాత్రం ఒక్కనాడూ ఎత్తలేదు. నా వేలి కింద మొదటి తీగ ఇవాళ్టికీ మూగదే. దానికి పెడల్ లేదు కాబట్టి తమరికి ఆసక్తి లేదు.

అమ్ముకుందామంటే అదో నరకం. ప్రకటన పెట్టిన అరనిమిషానికి ‘లాస్ట్ ప్రైస్ బ్రో?’ అని వస్తుంది. చెప్పాక బ్రో అంతర్ధానం. ఒక బ్రో అయితే నన్ను అమీర్‌పేట మెట్రో మెట్ల కింద ఎండలో నిలబెట్టి, ‘సారీ, ఇంట్లో ఒప్పుకోలేదు’ అని మెసేజ్ పెట్టాడు. ఆ ఇంట్లోవాళ్లకు నా నమస్కారాలు.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోక తప్పదు. పోయిన నెల ఆంప్ ఫ్యూజు పోతే కోఠిలో పాత రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. మూత విప్పి లోపలికి చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ‘ఈఎల్84! దీన్ని రేడియోల్లో ఎన్ని మార్చానో బాబూ’ అంటూ, బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్లు వాల్వులు తయారుచేసిన రోజుల గురించి టీ తెప్పించి మరీ చెప్పాడు. ఫ్యూజు మార్చాక ‘వాయించు’ అన్నాడు. అలవాటు కొద్దీ ఒకటి మీద పెట్టాను. ఆయన చెయ్యి చాపి ఏకంగా ఏడుకు తిప్పాడు. బయట ఆటోల హారన్లు, తోపుడుబండి వాళ్ల కేకలు. ఆ వీధిలో ఒక్కరూ తల తిప్పి చూడలేదు. ఒకే ఒక్క ‘E మైనర్’ కార్డ్ కొట్టాను. ఒళ్లు జలదరించింది. పెద్దాయన కళ్లు మూసుకుని ‘ఇంకోసారి’ అన్నాడు.

ఆ పూటకు తమరు చెప్పింది నిజమే. అంతమాత్రాన మన మధ్య లెక్కలు మాఫీ కావు. నాయిస్ గేట్ కొనను. జీతం పడే రోజు మా ఇంటి వైపు రావద్దు. ఊళ్లో తమరి చేతికి చిక్కినవాళ్లకు కొదవలేదు కాబట్టి, పచ్చ పెడల్స్ రెండు అమ్మకానికి ఉన్నాయని ఎవరి చెవిలోనైనా ఒక మాట వేయండి. బేరం లేదని ముందే చెప్పండి.

ఇట్లు,
తమరి పాత ఖాతాదారు