పొరపాటు జరిగిందటండీ, పాపం!

ఆటలో మోసం చేసి దొరికినవాళ్లు మైకు ముందుకొచ్చి మాట్లాడటం గమనించారా? ‘మోసం చేశాను’ అనే మాట చచ్చినా నోట రాదు. ‘పొరపాటు జరిగింది’ అంటారు. వాన పడినట్టు, కరెంటు పోయినట్టు, దానంతట అది జరిగిపోతుంది. పాపం ఆయన ఆ సమయానికి అక్కడున్నాడంతే.

2018 మార్చిలో కేప్‌టౌన్ టెస్టునే తీసుకోండి. ఆస్ట్రేలియా ఆటగాడు బాన్‌క్రాఫ్ట్ బంతిని దేనితోనో రుద్దుతుంటే కెమెరా పట్టేసింది. పెద్ద స్క్రీన్ మీద తన బొమ్మే కనిపించేసరికి అయ్యగారు ఆ పసుప్పచ్చ ముక్కని తీసి ప్యాంటు ముందువైపు లోపలికి దోపేశారు. అంపైర్లు వచ్చి అడిగితే, కళ్లజోడు తుడుచుకునే నల్లగుడ్డ తీసి చూపించారు, ఎంత వినయంగానో! సాయంత్రం అదేదో టేపు అన్నారు గానీ, తర్వాత తేలిందేమిటంటే అది సాండ్‌పేపర్, అదేనండీ, చెక్కలు నునుపు చేసే ఉప్పుకాగితం. దాన్ని ఎక్కడ పెట్టుకున్నాడో మళ్లీ ఒకసారి గుర్తు చేసుకోండి. అక్కడ పెట్టుకుని, మొహంలో ఏ భావమూ లేకుండా అంపైర్లతో కబుర్లు! ఇంత ఓర్పున్న మనిషికి బంతిని గీకాల్సిన ఖర్మేమిటో నాకిప్పటికీ అర్థం కాదు. పైగా లంచ్‌లో మాట్లాడుకునే చేశామని కెప్టెన్ స్మిత్ స్వయంగా చెప్పాడు. అన్నం తింటూ ప్లాన్ వేసుకుంటే జరిగే పొరపాటన్నమాట!

నిజంగా దానంతట అదే జరిగింది ఒక్కటుంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో కత్తిసాము పోటీలో సోవియట్ ఆటగాడు ఒనిషెంకో కత్తి ఎదుటివాడికి తగలకుండానే పాయింటు లైటు వెలిగింది. పిడిలో స్విచ్ పెట్టించుకున్నాడు లెండి. ఇక డోపింగ్ చేసిన సైకిల్ పందేల ఆర్మ్‌స్ట్రాంగ్ మహాశయుడైతే నిజం చెప్పినవాళ్ల మీదే కేసులు వేసి, ఏడు టూర్ డి ఫ్రాన్స్ టైటిళ్లూ ఊడబెరికాక తీరిగ్గా 2013లో టీవీలో ఒప్పుకున్నాడు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. 2000 సిడ్నీ పారాలింపిక్స్ దగ్గరికొచ్చేసరికి మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. మేధో వైకల్యం ఉన్నవాళ్ల బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్ స్వర్ణం గెలిచింది. పన్నెండు మందిలో పది మందికి ఏ వైకల్యమూ లేదు! సిగ్గులేని వెధవలు, ఎవరి మీద గెలిచామని మెడలో పతకాలేసుకున్నార్రా? పతకాలు వెనక్కి తీసుకున్నారు, సరే. కానీ అసలు శిక్ష ఎవరికి పడిందో తెలుసా? ఎవరికి వైకల్యం ఉందో, ఎవరికి లేదో తేల్చే పద్ధతి మీదే నమ్మకం పోయి, 2004లోనూ 2008లోనూ మేధో వైకల్యం ఉన్న క్రీడాకారులెవరికీ, ఏ దేశం వాళ్లకీ, ఏ పతకాల పోటీలోనూ చోటివ్వలేదు. మళ్లీ తలుపు తెరిచింది 2012 లండన్‌లో. పన్నెండేళ్లంటే పరుగెత్తేవాళ్లకీ ఈదేవాళ్లకీ ఏమవుతుందో వేరే చెప్పాలా, వయసైపోతుంది.

‘జరిగింది’ అని అనాల్సినవాళ్లు వీళ్లు. వీళ్లేమీ చెయ్యలేదు. వీళ్లకి జరిగింది. వీళ్ల ముందుకి మాత్రం ఎవరూ మైకు తీసుకెళ్లలేదు.