పైనుంచి చూస్తే అడవి, పిట్ట కంటితో చూస్తే బోడి నేల

హిమాలయాల్లోని కోడిజాతి అడవి పక్షుల ఊసెత్తితే చాలు, చర్చ రెండు అంకెల దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది: ఎత్తు ఎంత, అడవి విస్తీర్ణం ఎంత. హిమాచల్‌ప్రదేశ్ రాష్ట్ర పక్షి జుజురాణాకైతే 2,400 నుంచి 3,600 మీటర్లు. మోనాల్‌కైతే 2,100 నుంచి 4,500. మ్యాపు మీద ఆ గీతల మధ్య పచ్చరంగు పులిమితే ఆవాసం సిద్ధమైనట్టే! ఈ లెక్క తప్పు. నేల మీంచి మనిషి నడుమెత్తు దాకా ఏముందన్నదే ఈ పక్షులకు ముఖ్యం.

నమ్మకం కుదరకపోతే అమెరికా వెళ్లి చూడండి. హిమాలయన్ స్నోకాక్ వేసవిలో మన వైపు 4,000 మీటర్ల పైన తిరిగే పక్షి. పాకిస్తాన్‌లోని హుంజా నుంచి తెచ్చిన స్నోకాక్‌లను నెవాడా రాష్ట్రంలోని రూబీ పర్వతాల్లో వేట కోసం 1963లో వదలడం మొదలుపెట్టారు. అక్కడి అత్యున్నత శిఖరమే 3,471 మీటర్లు. అయినా పక్షి నిలదొక్కుకుంది, ఇప్పటికీ పిల్లల్ని పెడుతోంది. కారణం కొండచరియలు. పొద్దున చరియ మీంచి రెక్కలు చాచి కిందికి జారిపోవడం, ఆపైన గడ్డి, దుంపలు తింటూ కాలినడకన మళ్లీ పైకెక్కడం దాని దినచర్య. ఆ వాలు దొరికింది, ఎత్తు తగ్గినా సర్దుకుంది.

ఇప్పుడు కులూ ప్రాంతానికి వద్దాం. జుజురాణాకు పైన ఫర్, స్ప్రూస్, ఖర్సు ఓక్ చెట్లుంటే సరిపోదు, కింద రింగాల్ వెదురు, పొదలు గుబురుగా ఉండాలి. దాని తిండిలో ఎక్కువ భాగం ఆకులు, చిగుళ్లే. ప్రమాదం పసిగడితే ఎగరడం కన్నా పొదల చాటున నడిచి తప్పించుకోవడానికే చూస్తుంది. మోనాల్ తీరు వేరు. వంకర ముక్కుతో నేల తవ్వి దుంపలు, పురుగులు ఏరుకుంటుంది కనుక వేసవిలో చెట్ల హద్దు పైనున్న పచ్చిక బయళ్లు, చలికాలంలో మంచు పలచబడి మట్టి తగిలే వాలు కావాలి. ఇదే కోవకు చెందిన చీర్ ఫెజెంట్ అయితే దట్టమైన అడవి జోలికే పోదు. రాళ్లు తేలిన నిటారు వాలు, పొడవాటి గడ్డి, అక్కడక్కడ పొదలు ఉంటే దానికి చాలు.

ఈ తేడాలు సర్వేల్లో తేలకపోవడానికి లెక్కించే పద్ధతే కారణం. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారక ముందే గట్ల మీద మనుషుల్ని నిలబెట్టి, చుట్టూ సుమారు 300 మీటర్ల మేర వినబడే కూతల్ని లెక్కిస్తారు. కూసేవి ప్రధానంగా మగ పక్షులు, అదీ జతకట్టే కాలంలో. ఆ లెక్క పట్టుకుని డిసెంబరులో పక్షి ఎక్కడుంటుందో తేల్చేస్తే ఎలా? మోనాల్‌ను దారివెంట నడుస్తూ కంటబడినంత మేరకు రాసుకుంటారు. బయల్లో ఉన్నది వంద మీటర్ల నుంచైనా కనబడుతుంది, రింగాల్‌లో ఉన్నది పది మీటర్లకైనా కనబడదు. 'దీనికి బయలంటేనే ఇష్టం' అన్న తీర్పులో సగం పక్షి ఇష్టం, సగం మన చూపు మహిమ.

సరిగా చేయాలంటే రెట్ట, ఈక, తవ్విన గుంత వంటి ఆనవాలు దొరికిన చోటును కేంద్రంగా పెట్టుకుని 10 మీటర్ల వ్యాసార్ధంలో చెట్లు, 5 మీటర్లలో పొదలు, 1 చదరపు మీటరు చట్రంలో గడ్డి కొలవాలి. అదే లోయలో చీటీ తీసినట్టు ఎంచుకున్న అన్నే చోట్ల ఇవే కొలతలు మళ్లీ తీయాలి. ఈ రెండో పని ఎగ్గొడితే పక్షి ఉన్నచోట ఏముందో తెలుస్తుంది. అది ఆ చోటును ఏరికోరి ఎంచుకుందో, గతిలేక తలదాచుకుందో మాత్రం తెలియదు.

మనుషుల్నీ మందల్నీ వెళ్లగొడితే అన్నీ బాగుపడతాయనే వాళ్లున్నారు. జుజురాణా విషయంలో వారి మాటలో బలముంది. మంచు కరగగానే వేలల్లో ధర పలికే గుచ్చి పుట్టగొడుగుల కోసం జనం కుక్కలతో సహా అడవిలోకి వెళ్లేదీ, ఈ పక్షి చెట్ల మీద గూడు కట్టి పొదిగేదీ ఒకే కాలం. గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు 1999 తుది నోటిఫికేషన్‌తో మేత, మూలికల హక్కులు ఆపేసింది. అదే ఏడాది పార్వతి జలవిద్యుత్ ప్రాజెక్టు కోసం జీవానాల్ ప్రాంతంలో సుమారు 10 చదరపు కిలోమీటర్లను పార్కులోంచి తప్పించిన సంగతి ఈ వాదంలో ఎందుకో వినబడదు.

కానీ ఇదే మందు చీర్‌కు విషం. ఊరివాళ్లు ఘాస్నీ అనే గడ్డి వాలుల్లో వానలు వెళ్లాక పశువుల కోసం గడ్డి కోస్తారు, కొన్నిచోట్ల ఎండుగడ్డిని కాలుస్తారు. ఆ కోత ఆగితే కొన్నేళ్లలో పొదలు, పైన్ మొక్కలు కమ్ముకుంటాయి, చీర్‌కు చోటుండదు. చలికాలం లెక్క ఇంకా చిక్కు. జుజురాణా 2,000–2,800 మీటర్లకు దిగుతుంది, పశువుల మేతకు ఓక్ కొమ్మలు నరికే ఎత్తూ అదే. 754 చదరపు కిలోమీటర్ల పార్కుకు ఎంత కాపలా పెట్టినా, దాని అంచున, దిగువన ఊళ్లున్న ఎకోజోన్ అనే ప్రాంతంలో ఏం జరుగుతుందన్నదే ఆ నెలల్లో పక్షి బతుకును తేలుస్తుంది.

అసలు జబ్బు మన అడవి లెక్కలోనే ఉంది. ఒక హెక్టారుకు తగ్గకుండా, చెట్ల నీడ 10 శాతం దాటితే చాలు, ఏ చెట్టయినా, ఎవరి భూమయినా మన ప్రభుత్వ నివేదికలో అది 'అటవీ విస్తీర్ణమే'. తోటలూ అందులోకే వస్తాయి. ఉపగ్రహానికి కొమ్మల నెత్తి కనబడుతుంది, రింగాల్ ఉందో మేకలు మేసేశాయో కనబడదు. ఈ లెక్కలో ఘాస్నీ ఖాళీ భూమి, ప్రాజెక్టులకు పోయిన అడవికి బదులుగా మొక్కలు నాటడానికి అనువైన చోటు. నాటిన మొక్క బతికితే నివేదికలో అడవి పెరుగుతుంది, చీర్ తగ్గుతుంది.

తెలుగు నేల మీద ఈ కథ ముందే నడిచింది. బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్లపాడును అభయారణ్యం చేసి మేత ఆపారు. గడ్డి ఏపుగా పెరిగింది, కృష్ణజింకలు వందల్లో పెరిగి రైతుల పంటల మీద పడ్డాయి. చుట్టూ సాగు తీరూ మారింది. బట్టమేక పిట్ట కనుమరుగైంది. లంకమల కలివికోడిదీ ఇలాంటి లెక్కే. 2 మీటర్లు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 ఉన్నచోట అది ఎక్కువగా కనబడే అవకాశముందని పరిశోధకులు తేల్చారు. పలచబడినా దానికి కష్టమే, చిక్కబడినా కష్టమే. ఈ అంకె ఏ అటవీ నివేదికలో దొరుకుతుంది?

చేయాల్సిన పనులు కష్టమైనవేం కావు. జుజురాణా కూసే లోయల్ని మాత్రమే ఏప్రిల్ మధ్య నుంచి జూన్ చివరి దాకా మూసి, మిగతా చోట్ల గుచ్చి ఏరుకోనివ్వాలి. ఘాస్నీలను ఒకేసారి కాకుండా వంతులవారీగా కోయించి, కొంత గడ్డిని పట్టీలుగా నిలపాలి. మొక్కలు నాటే కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు ఆ వాలు మీద చీర్ కూస్తోందో లేదో వినాలి. దానికి డ్రోన్లక్కర్లేదు. వసంతంలో సూర్యోదయానికి అరగంట ముందు గట్టెక్కి నిలబడే ఇద్దరు ఫారెస్టు గార్డులు చాలు.