టెంటకిల్ గారికి ఒక పాఠకుడి మనవి

మహారాజశ్రీ టెంటకిల్ గారి, అనగా భయానక కథల్లో రాక్షసులకు మొలిచే ఆక్టోపస్ చేతి గారి, దివ్యసముఖమునకు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. అసలు గొడవే అది.

నిన్న మధ్యాహ్నమంతా పార్సిల్ కోసం గేటు దగ్గర కాపలా కాశాను. నీల్ గైమన్ కథకు రఫాయెల్ అల్బుకర్కీ బొమ్మలు వేసిన 2018 నాటి కామిక్, ‘ఎ స్టడీ ఇన్ ఎమరాల్డ్’. అట్ట మూల నలిగి వచ్చింది. ధర ఇంట్లో ఇంకా చెప్పలేదు. కాఫీ టైముకల్లా చదవడం కూడా అయిపోయింది. ఇవన్నీ మాఫీ చేశాను. మిమ్మల్ని మాత్రం చేయలేను.

కథకు వంక పెట్టను. 1887లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ తొలి నవలను తీసుకుని తిరగేశారు. గోడ మీద ‘రాఖె’ (జర్మన్‌లో పగ) అన్న రాత ఇక్కడా ఉంది, శవం రక్తం మాత్రం ఆకుపచ్చ. ఎందుకంటే పోయినవాడు రాజవంశీకుడు, ఈ లోకంలో రాజవంశాలు మనుషులవి కావు. మీ వాళ్ళు ఏడు వందల ఏళ్ళ కిందటే మమ్మల్ని గెలిచేశారు. పాత నవలలో హోమ్స్ స్నేహితుడు వాట్సన్ భుజానికి ఆఫ్ఘన్ యుద్ధంలో, మైవాండ్‌లో తుపాకీ గుండు తగిలితే, ఇక్కడ కథ చెప్పే సైనికుడి భుజాన్ని ఆఫ్ఘన్ గుహలో మీ బంధువెవరో పాడుచేశారు. రక్తం తీసిపెడతానని వ్లాడ్ టెపెష్, అదే మన డ్రాక్యులా, ఇచ్చుకున్న ప్రకటనకైతే పగలబడి నవ్వాను. చివరి మలుపు ఇక్కడ చెప్పను, నాకు ముందే చెప్పేసిన మహానుభావుడి పాపం నాకెందుకు.

హోమ్స్ దగ్గర చూసినకొద్దీ లోకం అర్థమవుతుంది, బూటుకంటిన మట్టి చాలు. మీ వంశాన్ని పుట్టించిన భయానక కథల రచయిత లవ్‌క్రాఫ్ట్ దగ్గర చూసినవాడికి మతి పోతుంది. ఈ రెండిటినీ ఒకే గదిలో కూర్చోబెట్టడమే ఈ కథలోని కిక్కు. 1928లో అచ్చయిన లవ్‌క్రాఫ్ట్ కథలో మీ పెద్దాయన క్థుల్హు తలుపు దాటి బయటికి రాగానే నావికుల్లో ఇద్దరు ఉత్త భయానికే చచ్చారంటారు. బతికి బయటపడ్డవాడికి తను చూసిందేమిటో చెప్పడానికి మాట దొరకలేదు.

మరి నేను? విక్టోరియా మహారాణి దర్బారులో మీ దర్శనం చేసుకుని, ఇంకో గుక్క కాఫీ తాగి పేజీ తిప్పాను. ‘ఓహో, ఆక్టోపస్’ అనుకున్నాను. గైమన్ అసలు కథలో రాణిని నీడలో కూర్చోబెట్టి, ఒక్క అవయవం చాచి సైనికుడి భుజం తాకనిచ్చాడు. ఆ కాస్తకే నాకు ఒళ్ళు జలదరించింది. బొమ్మల పుస్తకంలో గీయక తప్పదు, నిజమే. అయినా పిలిచిన ప్రతిచోటికీ పరిగెత్తుకెళ్ళడమేనా? కాస్త బెట్టు చేయకూడదా?

‘లవ్‌క్రాఫ్టే మా పెద్దాయన బొమ్మ వేశాడు’ అంటారు మీరు. తెలుసు. 1934లో ఆయన గీసిన స్కెచ్ చూశాను. రెక్కలు ముడుచుకుని, పెన్షన్ క్యూలో ముసలాయనలా కూర్చున్నారు.

అప్పుడే ఆపాల్సింది. ఆపావా? టీషర్టు మీద నువ్వే, కాఫీ కప్పు మీద నువ్వే. పసిపిల్లలు కౌగిలించుకుని పడుకోవడానికి దూది కుక్కిన బొమ్మవి కూడా నువ్వే. విశ్వం ముందు మనిషి చీమపాటి చేయడని చెప్పడానికి పుట్టినవాడివి, చంటిదాని పక్కన దిండువయ్యావు!

నిన్న రాత్రి లైటు వేసుకుని పడుకోవాలని నేనెంత ఆశపడ్డానో తెలుసా? పది గంటలకే గుర్రుపెట్టి నిద్రపోయాను. సిగ్గులేదూ నీకు?

ఇట్లు,
పూర్తి ధర చెల్లించినవాడు