చెక్‌రోల్‌లో పేరుంది, సమాధి మీద లేదు

మరణ రైలు మార్గం అనగానే క్వాయ్ నది వంతెన, ఎముకలు తేలిన తెల్ల సైనికులు గుర్తొస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం వేయించిన 415 కిలోమీటర్ల ఆ సయాం (నేటి థాయ్‌లాండ్)-బర్మా లైను కోసం 1942-45 మధ్య చనిపోయిన యుద్ధఖైదీలు సుమారు 13,000. ఆసియా కూలీలు 80,000 నుంచి లక్ష. మలయా (నేటి మలేసియా) రబ్బరు తోటల నుంచి ఆ సైన్యం తోలుకుపోయిన తమిళులు, తెలుగువాళ్లు అందులో ఉన్నారు. ఖైదీలకు కాంచనబురి, చుంగ్‌కాయ్, తన్‌బ్యూజయాత్‌లలో శ్మశానవాటికలు. కూలీలకు గోతులు.

ఈ తేడాకి కారణం జాత్యహంకారం అని ఒక్క మాటతో తేల్చేస్తే సగమే చెప్పినట్టు. ఖైదీలు ఎవరు ఏ రోజు పోయారో, ఎక్కడ పూడ్చారో రహస్యంగా రాసి దాచుకున్నారు. ఆ కాగితాల బలంతో 1945 సెప్టెంబరు 22న బయల్దేరిన చిన్న సర్వే బృందం అక్టోబరు 10కల్లా 144 చోట్ల 10,549 సమాధులు గుర్తించింది. దొరకనివి 52. అదీ మూడు వారాల లోపే!

కలరా శవాలను కాల్చేస్తే పేర్లెక్కడివి అంటారు కొందరు. 1943 మే, జూన్‌లలో నీకే శిబిరంలో కలరాతో పోయిన 300 మంది ఖైదీలనూ కాల్చారు. బూడిద రెండే సమాధుల్లో ఉంది. అందరి పేర్లూ కాంచనబురిలో చెక్కి ఉన్నాయి.

1990లో కాంచనబురి దగ్గర చెరకు తోటలో వందల అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఒక్కరి పేరూ తెలియలేదు. డీఎన్ఏ ఉందిగా అనొచ్చు. తడినేలలో దశాబ్దాలు నానిన అస్థికల్లో పళ్లు, చెవి లోపలి గట్టి ఎముక మీదే కాస్త ఆశ. అది దక్కినా పోల్చడానికి బంధువు నమూనా కావాలి. ఎవరి బంధువుని పిలుస్తాం?

అందుకే గునపం కంటే ముందు చెక్‌రోల్ తెరవాలి. కూలి లెక్క కోసం తోటలు రాసిన ఆ పుస్తకాల్లో దొరికినంత వరకు 1941 నాటి పేర్లను 1946 నాటివాటితో సరిచూడాలి. తప్పిపోయినవాళ్లంతా రైలు దారిలోనే పోలేదు. ఆకలికి చచ్చినవాళ్లు, ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవాళ్లు, తోట మారినవాళ్లు ఉంటారు. తోటకి పదిమంది అప్పన్నలు కూడా ఉంటారు, గుమస్తా ఇంగ్లీషులో ఒక్కొక్కరిని ఒక్కోలా రాసి ఉంటాడు. తండ్రి పేరు, ఊరు కలిస్తే తప్ప మనిషి తేలడు. విసుగు పని. రాతి స్తూపం ఆవిష్కరించినంత సులువు కాదు, ఫొటో కూడా రాదు.

కూలీని పనికి లెక్కపెట్టి చావుకి వదిలేసే అలవాటు మలయాతో పోలేదు. నిజామాబాద్ నుంచి విజిట్ వీసా మీద గల్ఫ్ వెళ్లి పనిలో చేరినవాడి పేరు ఇవాళ్టికీ మన వలస అనుమతుల రికార్డులో ఉండదు.